భుజం మీద చెయ్యి: ఉప్పల్ నుంచి కీసరగుట్టకు మళ్ళీ బండి మీద

పెళ్ళయిన కొత్తలో కార్తీక మాసం వస్తే చాలు, నేనూ నా భార్య సుజాతా బండి మీద కీసరగుట్టకు వెళ్ళేవాళ్ళం. కార్తీకం కాకపోయినా, తోచని ఆదివారం అయినా అదే దారి. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చుని, కుడి చెయ్యి నా భుజం మీద వేసేది. మెల్లగా నొక్కిందంటే నెమ్మదిగా పొమ్మని, గట్టిగా చరిచిందంటే ఆపమని. ఒక్క మాట అక్కర్లేకుండా అలా పద్నాలుగేళ్ళు తిరిగాం. పోయిన ఏడాది వానాకాలంలో నేను బండి మీంచి పడ్డాను. ఆ తర్వాత ఆ చెయ్యి నా భుజం మీద పడలేదు. ఈ ప్రయాణం అందుకోసమే. పడి లేచి మళ్ళీ బండి ముట్టుకోవడానికి భయపడుతున్నవాళ్ళు ఎవరైనా చదువుతారేమోనని రాస్తున్నాను.

ముందు ఎలా పడ్డానో చెప్పాలి, సిగ్గుగా ఉన్నా సరే. నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక ప్లాస్టిక్ కంపెనీలో సూపర్‌వైజర్‌ని. ఇల్లు ఉప్పల్‌లో. కంపెనీ గేటు దాటాక ఇంటివైపు తిరగాలంటే అరకిలోమీటరు అవతలికి వెళ్ళి యూటర్న్ తీసుకోవాలి. మా షిఫ్టులో ఆ పని చేసిన మహానుభావుడు ఒక్కడూ లేడు. గేటు నుంచి రాంగ్ సైడులో రెండు వందల అడుగులు పోతే డివైడర్ మధ్య సందు ఉంది, అందరమూ అందులోంచి దూరేవాళ్ళమే. ఆ సాయంత్రం సరుకుల ఆటో ఎదురొచ్చింది. దాని తప్పేమీ లేదు, అది తన దారిన వస్తోంది. నాకు హెల్మెట్ ఉంది, గడ్డం కింద క్లిప్పు మాత్రం పెట్టుకోలేదు. చౌరస్తాలో కెమెరాకు హెల్మెట్ కనబడితే చలానా రాదు, క్లిప్పు కెమెరాకు కనబడదు కదా అన్నది మా అందరి తెలివి. పడగానే హెల్మెట్ ఒక దిక్కుకు దొర్లింది, నేనొక దిక్కుకు. చెవి పైన తొమ్మిది కుట్లు పడ్డాయి, కుడి మణికట్టు విరిగితే లోపల ప్లేటు వేశారు. బతికి బయటపడ్డానంటే అది నా గొప్ప కాదు.

మూడు నెలలు చొక్కా గుండీలు సుజాతే పెట్టింది. కట్టు విప్పాక ఉప్పల్‌లో ఫిజియోథెరపీకి వెళితే, అక్కడి అమ్మాయి గుప్పెడు పల్లీలు బల్ల మీద పోసి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక్కొక్కటే ఏరమనేది. నలభై మూడేళ్ళ మగవాణ్ణి పల్లీ గింజ పట్టుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఇంతలో చుట్టాలందరూ ఒకే మాట మీద నిలబడ్డారు. రక్తం చూసిన బండి ఇంట్లో ఉండకూడదట. మెకానిక్ యాదగిరన్న కొనేవాణ్ణి కూడా చూసి పెట్టాడు. నాకేమో ఆ బండి మీదే కాపురం మొదలైన సంగతి గుర్తు. మూడు వారాలు తెల్లవారుజామున ఖాళీ మైదానంలో ఒక్కణ్ణే తిరుగుతూ బ్రేకులు వేయడం మళ్ళీ నేర్చుకున్నాను. చివరికి సుజాత ఒక షరతు పెట్టింది.

"కీసరకు పోయొద్దాం. ఇంటికొచ్చేదాంక నా చెయ్యి నీ భుజం మీద ఒక్కసారి గట్టిగ వడ్డదనుకో, బండి అమ్ముడే. మల్ల మాట మార్చద్దు," అంది.

మార్చనన్నాను.

మొన్న ఆదివారం పొద్దున ఆరున్నరకు బయలుదేరాం. సుజాత ఈసారి చుడీదార్ వేసుకుని, రెండు పక్కలా కాళ్ళు వేసి కూర్చుంది. తన కోసం కొత్త హెల్మెట్ కొన్నాం. ముందు యాదగిరన్న దుకాణం దగ్గర ఆగి గాలి, బ్రేకులు, వెనక లైటు చూపించాను. పది నిమిషాల పని.

"బండికి ఏం గాలే అన్నా. హ్యాండిల్ వంగితే గంటల సక్కగ జేసిన. నీ చెయ్యే లేటు జేసింది," అని నవ్వి, గొంతు తగ్గించి, "ఆ కొనేటాయన పొద్దుమూకి ఫోన్ జేస్తడు, ఏం జెప్పమంటవ్?" అన్నాడు.

"సాయంత్రం నేనే చెప్త," అని సుజాత వెనక నుంచి జవాబిచ్చింది.

దారి సులువే. ఉప్పల్ నుంచి నాచారం, మల్లాపూర్, కుషాయిగూడ, నాగారం, కీసర. గుట్ట దాకా ఇరవై అయిదు కిలోమీటర్లు ఉంటుంది. ఒకప్పుడు నలభై నిమిషాల్లో కొట్టేవాణ్ణి, ఇప్పుడు గంటా పది నిమిషాలు పట్టింది. మూడు వందల రూపాయల పెట్రోలు పోయిస్తే పోను రాను సరిపోయి ఇంకా మిగులుతుంది. ఎనిమిది లోపు కుషాయిగూడ దాటగలిగితే ట్రాఫిక్ బాధ ఉండదు. సిటీ బస్సులూ ఉన్నాయి గానీ గుట్ట దాకా వెళ్ళేది ఎప్పుడుందో ముందే అడిగి తెలుసుకోవాలి.

నాగారం దగ్గరికి వచ్చేసరికి మనసు పాత రోజుల్లోకి వెళ్ళిపోయింది. అప్పట్లో కుషాయిగూడ దాటితే చల్లగాలి తగిలేది. రోడ్డు పక్కన ద్రాక్షతోటల ముందు గంపలు పెట్టుకుని అమ్మేవాళ్ళు. సుజాత కొంగులో కిలో ద్రాక్ష పోయించుకుని, ఒకటి తను తిని ఒకటి వెనక నుంచి నా నోట్లో పెట్టేది. ఇప్పుడు ఆ చోట అపార్ట్‌మెంట్లు, బిర్యానీ హోటళ్ళు, బట్టల దుకాణాలు. ఎక్కడ ఆగి తినేవాళ్ళమో చూపిద్దామన్నా ఆనవాలు దొరకలేదు. వాటి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది నా భుజం. సుజాత నన్ను ముట్టుకోకుండా వెనకనున్న ఇనుప కడ్డీ పట్టుకుని బిగుసుకుని కూర్చుంది. ఒక టిప్పర్ హారన్ కొడుతూ మీదికొచ్చినప్పుడు నేను పక్కకు తీసి దారి ఇచ్చాను. అప్పుడూ ఆ చెయ్యి రాలేదు. పందెం గెలుస్తున్నానన్న సంతోషం రవ్వంతైనా లేదు.

కీసరలో ఒక తోపుడు బండి దగ్గర ఆగి ఇడ్లీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు, చట్నీ ఎంతైనా వేస్తారు. వడ్డించే పెద్దమ్మ నా మణికట్టు మీద మచ్చ చూసింది.

"బండి మీదికెల్లి వడ్డవా బిడ్డా?"

"అవునమ్మా."

"మల్ల అదే బండి మీద దేవుని కాడికి పోతున్నవ్. నీకు ధైర్యం ఎక్కువున్నదా, ఎనక కూసున్న ఆమెకా?"

సుజాత నవ్వింది. ఆ రోజు నవ్వడం అదే మొదటిసారి.

గుట్ట మీద పార్కింగ్‌కు ఇరవై రూపాయలు. కోతులతో జాగ్రత్త, కొబ్బరికాయ సంచీ చేతిలో ఊగుతూ కనబడితే లాక్కుపోతాయి. హెల్మెట్లు బండి మీద వదలకుండా వెంట తీసుకెళ్ళడం మేలు. దర్శనం అరగంటలో అయిపోయింది. ఆరుబయట విడివిడిగా ఉన్న లింగాల మధ్య, మేం ఎప్పుడూ కూర్చునే బండరాయి మీద కూర్చున్నాం. ఆ రాయి మాత్రం అక్కడే ఉంది. కింద ఊరు ఎంత పెరిగిందో చూస్తూ ఉండగా సుజాత ఉన్నట్టుండి అంది.

"నువ్వు వడ్డ పొద్దు జల్ది రమ్మని ఫోన్ జేసింది నేనే గదా."

నేను ఆ ఫోన్ సంగతే మరిచిపోయాను. ఆమె మరవలేదు.

"నా చెయ్యి వడితే నువ్వు ఆగమైతవేమోనని భయమయ్యా. గందుకే ఆ కడ్డీ పట్టుకొని కూసున్న."

"నువ్వు ఫోన్ చేసినా చెయ్యకపోయినా నేను రాంగ్ సైడ్ల పోయేటోణ్ణే. పదిహేనేండ్ల అలవాటు అది. దాంట్ల నీ పాపం ఏం లేదు," అన్నాను. ఇన్నాళ్ళూ ఆమె ఆ బరువు మోస్తోందని తెలియకుండా నా మణికట్టు గురించే ఏడ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

తిరుగు ప్రయాణంలో నాచారంలో మా కంపెనీ గేటు దగ్గర ఆగాం. నేను పడ్డ రోజు నన్ను లేపి ఆటోలో దవాఖానాకు తీసుకెళ్ళినవాడు వాచ్‌మన్ మల్లయ్య మామే. ఆయనకు ప్రసాదం ఇద్దామని సుజాత ముందే అనుకుంది. మామ కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి సంతోషపడ్డాడు. పదకొండున్నర దాటింది, ఎండ ఎక్కువైంది. మేం లేచి బండెక్కుతుంటే మామ ఎంతో ప్రేమగా కుడివైపు చెయ్యి చూపించాడు.

"గిటు పోండ్రి బిడ్డా, సందుల కెల్లి. ఎండల యూటర్న్ దాంక ఏం పోతరు? ఇయ్యాల ఆదివారం, ఎవడు సూస్తడు?"

నన్ను రోడ్డు మీంచి ఎత్తినవాడే ఆ మాట అన్నాడు. ఆయన్ను ఏమనగలను? మొన్నటిదాకా నేనూ అదే అనేవాణ్ణి. అనుభవమైతే గాని తత్వం బోధపడదు. అలవాటు ఎంత పాడుదంటే, నా చేతులు హ్యాండిల్‌ను కుడివైపుకు కొద్దిగా తిప్పాయి కూడా. హ్యాండిల్ సరిచేసి, ఎడమకు తిరిగి, యూటర్న్ వైపు పోనిచ్చాను.

యాభై గజాలు పోయామో లేదో, నా భుజం మీద గట్టిగా దెబ్బ పడింది.

అద్దంలో చూసుకుని, ఇండికేటర్ వేసి, రోడ్డు వారకు తీసి ఆపాను. ఏం తప్పు చేశానో అర్థం కాలేదు. అయినా షరతు షరతే. వెనక్కి తిరగకుండానే, "సరే, అమ్ముదాం," అన్నాను.

"ఏం అమ్ముడు? చాయ్ తాగి హెల్మెట్ ఉత్తగనే నెత్తి మీద పెట్టుకున్న. క్లిప్పు పెట్టుకోలే, పడతలేదు నాకు. నువ్వు పెట్టు," అంది సుజాత.

ఇద్దరం బండి దిగాం, ఆమె ముందు నిలబడ్డాను. గడ్డం కింద పట్టీ సర్ది, బొటనవేలూ చూపుడువేలూ కలిపి క్లిప్పు నొక్కాను. టక్కుమంది. మూడు నెలలు నా గుండీలు పెట్టిన మనిషి తల పైకెత్తి, చిన్నపిల్లలా కదలకుండా నిలబడింది. నా కళ్ళు తడిశాయి, ఎండ మీద నెపం పెట్టాను. మళ్ళీ బండెక్కాక ఆ చెయ్యి నా భుజం మీదికి వచ్చింది. నొక్కలేదు, చరవలేదు, ఊరికే ఉంది. యూటర్న్ తిరిగి ఇల్లు చేరేదాకా తియ్యలేదు.

సాయంత్రం యాదగిరన్న ఫోన్ చేస్తే సుజాతే ఎత్తింది. "బండి అమ్మేది లేదన్నా," అని పెట్టేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నామని మీరు నవ్వితే నవ్వండి. ఆ ద్రాక్షతోటలు తిరిగి రావు, నలభై నిమిషాల్లో గుట్టకు కొట్టిన ఆ కుర్రతనమూ రాదు. రెండింటి మీదా నాకు బెంగ ఉంది. అయితే ఆ రోజుల్లో మమ్మల్ని క్షేమంగా తిప్పింది నా నైపుణ్యం అనుకునేవాణ్ణి. వెనక ఒక మనిషి కళ్ళు తెరుచుకుని కూర్చుంది, ఎదుటివాళ్ళు మా తప్పులు కాచుకున్నారు, అంతే. ఇక మీకు చెప్పదగిన జాగ్రత్త ఒక్కటే. చాయ్ కోసం ఆగినా, ప్రసాదం కోసం ఆగినా, మళ్ళీ బయలుదేరే ముందు మీ క్లిప్పు పెట్టుకుని, వెనక్కి తిరిగి వాళ్ళ క్లిప్పు మీ చేత్తో లాగి చూడండి. నేను ఆ ఆదివారం నాది చూసుకుని ఆమెది చూడటం మరిచిపోయాను.