గట్టు దాటిన సాలీళ్ళు

నాకు సాలీడంటే చిన్నప్పటినుంచీ పడదు. ఇంట్లో మూలన గూడు కనిపిస్తే బూజుకర్ర అందుకునేదాకా ఊరుకోను. అలాంటిదాన్ని, మండపేట అవతల మా చేలో సాలీళ్ళని చూసి చేతులెత్తి దండం పెట్టాను. ఎవరితో చెప్పినా నవ్వుతారు. నవ్వనీయండి.

ఆ చేను మా తిండిగింజల చేను. మిగతా పొలంలో పండింది మిల్లుకి పోతుంది, ఈ చేలో పండింది మాత్రం ఏడాది పొడుగునా మేమే తింటాం. గట్టుకి అవతలిది మా చినమావయ్యగారి చేను, అదీ వాళ్ళింటి తిండిగింజలే. పరిశోధన కేంద్రం నుంచి ఒక మేడమ్ గారు వచ్చి, ఇలాంటి పక్కపక్క చేలు రెండు కావాలనీ, ఒకటి పురుగుమందు లేకుండా, రెండోది మామూలు పద్ధతిలో పండించి పోల్చి చూస్తామనీ అడిగారు. మా ఆయన నసుగుతుంటే నేనే సరేనన్నాను. తినే బియ్యంలో మందెందుకని నా వాదన. చినమావయ్యగారు మాత్రం, తన చేలో తన ఇష్టం వచ్చినట్టు మందు కొట్టుకోనిస్తే తనకేం అభ్యంతరం లేదన్నారు.

ఊడ్పులయ్యాక మేడమ్ గారు ఎండుగడ్డిని చిన్న చిన్న కట్టలు కట్టించి, కర్రలకి తగిలించి మా చేలో అక్కడక్కడా పాతించారు. వాటిలో సాలీళ్ళు చేరతాయట, అవి పురుగుల్ని తింటాయట. చినమావయ్యగారికి అదో కాలక్షేపమైపోయింది. కొత్తల్లుళ్ళకి విడిది బాగా ఏర్పాటు చేశావని రోజూ గట్టుమీద నిలబడి అనేవారు. పైకి నవ్వేదాన్ని గానీ లోపల మండేది.

వెన్ను పైకొచ్చే వేళకి సుడిదోమ దిగింది. దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే ఈ దోమ పట్టిందంటే, చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది, తగలబెట్టినట్టు. చినమావయ్యగారు డ్రోన్ పిలిపించి మందు కొట్టించారు. అదే డ్రోన్ కోసం మా ఆయనా ఫోన్ తీశారు. మేడమ్ గారు వచ్చి దుబ్బులు విడదీసి చూసి, నీళ్ళు తీసేసి కాస్త ఓపిక పట్టమన్నారు. ఆవిడకేం, ఏడాదంతా బియ్యం కొనుక్కు తినాల్సింది మేం కదా అని ఒళ్ళు మండింది. అయినా మాట ఇచ్చింది నేను. మా ఆయన చేతిలో ఫోన్ లాక్కున్నాను.

కొన్నాళ్ళకి, మంచు బాగా పట్టిన ఒక ఉదయం, ఏం చూడాల్సొస్తుందోనని బిక్కుబిక్కుమంటూ చేనుకెళ్ళాను. గట్టెక్కేసరికి కాళ్ళు ఆగిపోయాయి. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా చేనంతా సాలెగూళ్ళే. ఆకుకీ ఆకుకీ మధ్య దారం, ప్రతి దారానికీ మంచుబొట్లు, వాటిమీద ఏటవాలు ఎండ. తెల్లటి నేతచీర ఒకటి చేనంతా ఆరేసినట్టుంది. అవి రోజూ ఉండేవేనట, మంచు పడితేనే మన కంటికి ఆనతాయట. ఎవరూ పిలవకుండా, కూలి అడగకుండా, ఇన్నిన్ని ప్రాణులు మా అన్నానికి కాపలా కాస్తున్నాయని అప్పుడు తెలిసింది. ద్రాక్షారామం గుడి ముందు విడిచినట్టే అక్కడ చెప్పులు విడిచి నిలబడిపోయాను. గట్టుకి అవతల ఒక్క దారం కూడా లేదు.

మా చేలో ఓ మూల చాపంత మేర ఎండి అక్కడితో ఆగింది. చినమావయ్యగారి చేలో దోమ తగ్గినట్టే తగ్గి, రెట్టింపుగా తిరగబెట్టింది. మందుకి సాలీళ్ళు చచ్చిపోయాయి, ఆకు తొడిమల్లో దాగిన దోమ గుడ్లు మిగిలాయి అని మేడమ్ గారు చెప్పారు. ఆ ఏడు చివరికి ఆయనకి సగం పంటే దక్కింది గానీ, అదప్పటికి ఎవరికీ తెలీదు.

మేడమ్ గారు ఉండగానే ఒకరోజు ఆయన మా గట్టుమీదకి వచ్చారు. మా వైపు ఊడ్పుల్లో నారు చాలకపోతే పక్క చేనువాళ్ళని అడుగుతాం. ఉన్నవాళ్ళు లేదనరు, డబ్బు పుచ్చుకోరు. ఆయన కండువా భుజం మీంచి తీసి చేత్తో పట్టుకుని, సరిగ్గా నారు అడిగే గొంతుతోనే అడిగారు.

"అమ్మాయ్, నారు మిగిలితే ఇచ్చుకుంటాం కదా. మీ సాలీళ్ళు కాసిని ఇవ్వమ్మా."

నాకు నవ్వు రాలేదు. మేడమ్ గారి వైపు చూశాను. మా సాలీళ్ళు ఆ చేలోకి వెళితే ఇంక పోల్చి చూడ్డానికి ఏమీ మిగలదు. పంట కాలమంతా ఎండలో తిరిగి ఆవిడ చేసిన పని సగంలో పోతుంది.

"మరి మీ పరిశోధనో అండీ?" అన్నాను మెల్లిగా.

ఆవిడ కాసేపు రెండు చేలనీ మార్చి మార్చి చూశారు.

"ఆయన తినే గింజలండీ అవి," అన్నారు.

కుచ్చిళ్ళు ఎగదోపుకుని మా చేలోకి దిగారు. ఒక గడ్డికట్టని కర్రతో సహా పెకలించి, లోపలున్నవి జారిపోకుండా రెండు చేతులా పొదివి పట్టుకుని గట్టు దగ్గరికి తెచ్చారు. అది అందుకోవడానికి చినమావయ్యగారు ముందు చెప్పులు విడిచారు.