ముల్లు చూసే బావ

నిన్న గ్యాసు సిలిండరు మార్చడానికొచ్చినతను సబ్బునీళ్లు అద్ది, బుడగ లేస్తుందేమోనని వంగి చూస్తుంటే, అడక్కపోయినా పాఠం చెప్పబోయి నోరు మూసుకున్నాను. ఒంటరిగా ఉండే రిటైరైనవాడికి ఇలాంటి ఉబలాటం మామూలే గానీ, ఆ బుడగలతో నాకు పాత చుట్టరికం ఉంది.

గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చిన కొత్తలో నన్ను ఊరి చివర ఒక చిన్న ప్రయోగశాలలో వేశారు. రేడియోధార్మిక వాయువు బయటికి పోకుండా బొగ్గు నింపిన డబ్బాలో ఎలా పట్టి ఉంచాలో తెలుసుకోవడం మా పని. అందుకని గాజు గొట్టాలూ రబ్బరు గొట్టాలూ కలిపి ఒక అమరిక కట్టడం, ఒకసారి పరీక్షించడం, పెళ్లయ్యాక పందిరి పీకేసినట్టు విప్పేయడం. అసలు వాయువు వదిలే ముందు అతుకులకు సబ్బునీళ్లు అద్ది, అగరొత్తుల పొగ పంపి ఎక్కడైనా కారుతోందేమో చూసుకునేవాళ్లం. ఆ వాసనకి గేటు దగ్గరి వాచ్‌మన్ ప్రసాదం అడిగేవాడు.

నేను లోపల తొడుగులు వేసుకుని వాయువు వదిలే మర తిప్పుతుంటే, అద్దానికి అవతల జాలరిపేట నుంచి వచ్చే తోటి ఉద్యోగి, వాయువు ఏమాత్రం కారినా కదిలే మీటరు ముల్లు చూసేవాడు. ఏ వరసా లేకపోయినా ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం. నేను నిలబడే చోటికి ముల్లు కనిపించదు. అతను మూసెయ్యమంటే ఎందుకని అడక్కుండా మూసెయ్యాలి, అదే మా కట్టుబాటు. నా అన్నవాళ్లెవరూ లేని ఊళ్లో నా ప్రాణం అతని కళ్లలో పెట్టి పనిచేశాను.

ఎన్నో వారాలు కష్టపడి కట్టిన ఒక అమరికను చూడ్డానికి పై అధికారులు వచ్చిన రోజున, అంతా సవ్యంగా సాగుతుండగా "మూసీ బావా!" అని కేకేశాడు. మూసేశాను. పరీక్ష పాడైంది. తీరా చూస్తే ముల్లు కదలనే లేదు. అధికారి మండిపడ్డాడు.

"ముల్లు మసగ్గా కనబడతన్నాది సార్. నాకే కనబడనప్పుడు ఆడ్ని లోపలెలా ఉంచుతాను?" అన్నాడు బావ.

ఆ మాట చెప్పకుండా ఊరుకుని ఉంటే అతని పని అతనికే ఉండేది. చెప్పినందుకు స్టోర్సుకు మార్చేశారు. తర్వాత అద్దం అవతల ఎవరెవరో నిలబడ్డారు, మంచివాళ్లే. అయినా నేను ఊరికే వెనక్కి తిరిగి చూస్తుండేవాణ్ణి.

ఇప్పుడు ముల్లూ లేదు, చూసే మనిషీ అక్కర్లేదు, యంత్రమే కూతపెట్టి తనంతట తనే మూసేస్తుందట. మంచిదే, దాని చూపు మసకబారదు. బావ పోయి చాలా ఏళ్లయింది. నాకేమైపోతుందోనని రెప్ప వెయ్యకుండా చూసిన మనిషి మాత్రం నాకు మళ్లీ దొరకలేదు.