దాసన్న ఎడమ చెవి

కర్నూలు జిల్లా చరిత్ర రాసిన దొరలు నవాబులను వదల్లేదు, కరువులను వదల్లేదు. ఆత్మకూరు నాటువైద్యుడు దాసన్న ముప్ఫై ఏళ్లుగా రోజూ మొహం కడగకముందే అరిష్టం అనే మందు పులిసే కుండకు ఎడమ చెవి ఆనిస్తున్న సంగతి మాత్రం వదిలేశారు. క్షమించరాని లోపం.

వేర్ల కషాయంలో బెల్లం కలిపి, నల్లమల నుంచి తెచ్చిన ఎర్రని ధాతకీపూలు వేసి, మూతికి గుడ్డా మట్టీ మెత్తి, కుండను ఊకలో పూడుస్తాడు. రెండో రోజుకు లోపల పొంగు పుట్టి చిటపట మొదలవుతుంది. నెలకు అణుగుతుంది. అప్పుడది మందు. ముందే అణిగితే కుండ చచ్చినట్టు. కుడి చెవి లోకానికి, ఎడమ చెవి కుండకు అని గురువు చెప్పిపోయాడు. ఆ సరిహద్దును దాసన్న ఏనాడూ దాటలేదు.

ఆ ఏడు పన్నెండో రోజునే కుండ మూగబోయింది. పూలలో సారం లేదన్నాడు. బెల్లంలో మట్టి ఉందన్నాడు. పొయ్యి దగ్గర తన ఎడమ పక్కన కూర్చునే భార్య భీమక్క ఈమధ్య గొణగడం నేర్చిందనీ, ఆ గొణుగుడుకు ఏ మందైనా చస్తుందనీ అన్నాడు. మూడు రోజులు అన్నం సయించలేదు.

నాలుగో రోజు హుస్సేన్ సాహెబ్ వచ్చాడు. కాన్పై నలభై దినాలైనా ఆయన కూతురు అబీదా గోడ పట్టుకోనిదే లేవలేకపోతోంది. కుండ పెట్టింది ఆ పిల్ల కోసమే.

"కుండ సచ్చింది సాహెబ్. పారబోస్తాండా."

"అట్లనొద్దప్పా. బిడ్డకు నేనేం జెప్పాల?"

"దాసన్న చెయ్యి చెడిందని జెప్పు."

కుండను ఊకలోంచి పెకలించాడు. భీమక్క అడ్డం వచ్చింది.

"యాడికి మోస్తాండావు? దించు."

మూతి గుడ్డ ఓ మూల ఎత్తి, అగ్గిపుల్ల గీసి లోపలికి పెట్టింది. పొంగు ఆగిన కుండలో పుల్ల మండుతుంది. పొంగుతున్న కుండలో ఆరిపోతుంది.

పుల్ల ఆరిపోయింది.

భీమక్క తన చెవి ఆనించింది. "మంగలంలో శనక్కాయలు ఏగినట్టు కొట్టుకుంటాంటే సచ్చిందంటావేందయ్యా!"

"అయితే మందు అయితాదా, అమ్మా?" అన్నాడు సాహెబ్.

"ఇంగో పదైదు దినాలు ఓపిక పట్టు సాహెబ్. అయితాది."

దాసన్న మళ్లీ ఎడమ చెవి ఆనించాడు. చాలాసేపు ఆనించాడు.

పూలు బాగానే ఉన్నాయి. బెల్లమూ బాగానే ఉంది. దాసన్నకు ఎడమ చెవి వినపడటం లేదు.