సినిమా హాల్లో స్తోత్రం

నాకిష్టంలేని పెళ్లి చేసుకుందని అప్పటికి మూడేళ్లుగా మా అమ్మాయితో మాటల్లేవు. ఒకరోజు మా చెల్లెలు హిందూపురంలో నన్ను మ్యాట్నీకి లాక్కెళ్లింది. సినిమాలో, ఇల్లు వదిలిపోయిన హీరో తిరిగొస్తుంటే తండ్రి చెప్పులైనా వేసుకోకుండా ఎదురు పరుగెత్తాడు. అచ్చం బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథే! ఒళ్లు మరిచి లేచి, "దేవునికి స్తోత్రం!" అని అరిచేశాను. హాలంతా ఘొల్లున నవ్వింది.

"ఏమక్కా, ఇది చర్చి కాదు, కూచో!" అన్నాడు వెనకాయన.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా కూర్చోలేకపోయాను. బయటికొచ్చి ధర్మవరంలో ఉన్న అమ్మాయికి ఫోన్ చేశాను.

"అమ్మా, నువ్వేనా?" అంటూ ఏడ్చేసింది.

"యాడికీ పోవద్దు. ఇప్పుడే వస్తాండా!" అన్నాను.

పెనుకొండ దాటేదాకా బస్సులో స్థిమితంగా కూర్చోలేదు. సండే స్కూల్లో ఆ కథ ఎన్నిసార్లు చెప్పానో! ఆ తండ్రిలా పరుగెత్తాల్సింది నేనేనని ఆరోజే తెలిసింది.