తొలి వాన ఆదివారం వచ్చింది

గోల్ఫ్ మైదానాలు గీయడం నేర్పే కాలేజీ మా వైపు లేదు. డెబ్బైల చివర, పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి గాజువాక దగ్గర స్టీల్ ప్లాంట్ సర్వే పనిలో ఉన్న నాకు ఆ పిచ్చి పట్టించింది ఒక రిటైర్డ్ మిలిటరీ ఇంజనీరు. కొండ పక్క బీడులో ఆయన కొత్త మైదానం వేస్తున్నారు. నేల ఎత్తుపల్లాలు కొలిచి లెవెల్స్ తీయడానికి నన్ను పిలిచారు. ఆ పని అయిపోయాక కూడా సెలవు దొరికితే చాలు, వెళ్లి ఆయన వెనక తిరిగేవాణ్ణి.

గట్టి వాన పడేదాకా ఆయన కాగితం ముట్టరు. వానలోనే నీటి వెంట నడిచి, అది ఎటు పోతోందో, ఎక్కడ నిలుస్తోందో చూశాకే గీత.

"తొలి వానకి నా పక్కనుండాల అబ్బాయ్. అది సూత్తే తర్వాత పనికి బెంగళూరు తీసుకుపోతాను. సూడకపోతే నాను నీకు నేర్పేదేటీ లేదు."

మా సంఘం ప్రార్థన కూటంలో లేచి, త్వరగా వాన పడేలా ప్రార్థించమని అడిగాను. ఎందుకో చెప్పాను కూడా. పక్కనున్న స్నేహితుడు చెవి దగ్గర గొణిగాడు: "గడ్డి కోసం ప్రార్థనేటి బావా? గేదెల్ని కొంతన్నావేటి?" నేనూ నవ్వాను. ఆ తర్వాత ఈ సంగతి ఎవరితోనూ ఎత్తలేదు.

నేను వానను అడిగాను. రోజు అడగలేదు. అది ఆదివారం పొద్దున, సరిగ్గా ఆరాధనలో మేం ప్రభువును తలచుకుని రొట్టె విరిచే వేళకు దిగింది. పెద్దలేమంటారోనన్న భయం కాదు నన్ను కూర్చోబెట్టింది. ప్రభువు బల్లకు పిలిస్తే, వానొచ్చిందని లేచిపోవడానికి మనసొప్పలేదు. రేకుల మీద హోరుకి ప్రార్థన ఒక్క ముక్క వినపడలేదు. కళ్లు మూసుకుంటే బీడులో పారే నీళ్లే.

బస్సు పట్టుకుని చేరేసరికి వాన వెలిసింది. ఆయన మోకాళ్ల దాకా బురదతో రాయి మీద కూర్చుని ఉన్నారు.

"నీరెలిపోనాది అబ్బాయ్."

"ప్రార్థన సార్..."

"తెలుసు. తప్పని అనట్లేదు. అన్నం తిన్నావా?"

కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన వెళ్లాక చీకటి పడేదాకా ఒక్కణ్ణే తిరిగాను. గడ్డి నీరు పోయిన వైపు వాలి ఉంది. దారి తెలిసింది గానీ, నీరు ముందు ఎక్కడ ఆగి ఆలోచించిందో తెలియలేదు.

బెంగళూరుకు ఆయన వేరే కుర్రవాణ్ణి తీసుకెళ్లారు. నేను స్టీల్ ప్లాంట్ సర్వేలోనే ఉండిపోయాను.

మరుసటి ఆదివారం సంఘంలో ఒక పెద్దాయన లేచి మంచి వాన ఇచ్చినందుకు దేవునికి స్తుతులు చెల్లించారు. అందరూ ఆమేన్ అన్నారు. నాకు కాస్త ఆలస్యమైంది. అయినా అన్నాను.