నెలకో జాన

గని చూడ్డానికి వచ్చేవాళ్ళందరూ ఆయన్ని గ్లాసు బాబాయ్ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి, పాపమైనా పుణ్యమైనా నాదే. మూసేసిన గని చూపించి, అందులోంచి తోడిన నీళ్ళను శుద్ధిచేసే ప్లాంటంతా తిప్పి, చివరికి జనాన్ని నా ల్యాబు గదిలోకి తీసుకొస్తాడు. అందరి ముందూ ఒక గ్లాసు నీళ్ళు గటగటా తాగేసి, "చూశారుగా, ఇంకా బతికే ఉన్నాను" అంటాడు. జనం నవ్వుతారు. ఆ నీళ్ళు పరీక్ష చేసేదీ, ఆ గ్లాసు కడిగి బోర్లించేదీ నేను.

ఒకప్పుడు ఆయన ఈ గనిలోనే పంపు నడిపేవాడు. వాళ్ళన్నయ్యా అంతే. పదిహేనేళ్ళ కిందట, పాత తవ్వకాల్లో నిలిచిపోయిన నీళ్ళు గోడ బద్దలుకొట్టుకుని మూడో అంతస్తులోకి వచ్చిపడ్డాయి. ఆరుగురు పోయారు. ఐదుగురు దొరికారు. దొరకనివాడు బాబాయ్ వాళ్ళన్నయ్య. ఆ తర్వాత గని మూసేశారు. నిండిన గనిలోంచి తుప్పు రంగు నీళ్ళు పొంగి, వాగులో చేపలు తేలిపోతుంటే అప్పుడు ఈ ప్లాంటు కట్టారు. మట్టిదిబ్బల మీద గడ్డి వేశారు, చెట్లు నాటారు. ఇప్పుడక్కడ నిలబడి జనం ఫొటోలు దిగుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళకేం తెలుసు పాపం.

బాబాయ్‌కి పెళ్ళాం పిల్లలు లేరు, వదినతోనే ఉంటాడు. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి ఈయనకు ఆరేళ్ళు. తల దువ్వింది, బడికి పంపింది, అల్లరి చేస్తే వీపు విమానం మోత మోగించింది. యాభై దాటినా ఆవిడ నోట ఈయన ఇంకా చిన్నోడే.

ప్లాంటులో పంపులు మొదలైన రోజు ఆవిడ అడిగిందట, "నీళ్ళన్నీ తోడేస్తారా చిన్నోడా? అడుగుదాకా?"

తోడరు. ఆ పంపులున్నది నీళ్ళు పొంగి వాగులో పడకుండా చూడ్డానికే. పైన ఎంత తోడితే కింద అంత ఊరుతుంది. మట్టం అక్కడే ఉంటుంది. ఇది బాబాయ్‌కి ఆ రోజే తెలుసు. కానీ వదిన మొహం చూసి నిజం చెప్పే ధైర్యం ఆయనకు లేదు.

"తోడేస్తారు వదినా. నెలకో జాన దిగుతుంది."

నీటిమట్టానికి మూడో అంతస్తు ఇంకా ముప్పై మీటర్ల కింద ఉంది. నెలకో జాన చొప్పున పదకొండేళ్ళు పడుతుంది, ఆలోపు మరిచిపోతుందిలే అనుకున్నాడు. మగవాళ్ళ లెక్కలు ఇలాగే ఏడుస్తాయి. ఆవిడ మరిచిపోలేదు. నెల తిరగ్గానే, "దిగిందా?" అని అడిగేది. "దిగింది వదినా" అనేవాడు. వంటింటి తలుపు వెనక బొగ్గుతో ఒక గీత గీసేది. పెట్టెలో ఒక కొత్త నీలం చొక్కా, ప్యాంటూ కొని పెట్టుకుంది. ఏడాదికోసారి ఎండలో వేసి, మళ్ళీ అవే మడతల్లో పెట్టేది. "ఎముకలే దొరకనీ, పొడిబట్టలో చుట్టి తెచ్చుకుంటాను. ఇన్నేళ్ళు తడిసింది చాలు" అనేది.

నేను బాబాయ్‌ని తిట్టాను. "అబద్ధం ఆడినా అతికినట్టుండాలి. నీ జానలు ఏదో ఒకనాటికి అయిపోతాయి, అప్పుడేం చేస్తావు?"

"అప్పటికి నేనో వదినో ఉండం లేవే అమ్మాయ్."

నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? ఓసారి రోడ్డు మీద ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఆ నీళ్ళు చూసేదానివి నువ్వే కదమ్మా, నిజంగా దిగుతున్నాయా?" అని అడిగింది. "దిగుతున్నాయి పెద్దమ్మా" అన్నాను. నా నాలుక పడిపోను.

పోయిన నెల తలుపు మీద నూట ముప్పై రెండో గీత పడింది. "ఇక తీసుకెళ్ళు చిన్నోడా. చూస్తాను" అందట. పంపు చెడిపోయింది, రెండు వారాలు ఎవర్నీ రానివ్వరు అని చెప్పాడు. ఆ గురువారం తనే గేటు దగ్గరికి వచ్చి, పేరు రాయించుకుని, చూడ్డానికి వచ్చిన పాతికమందితో పాటు లోపలికి వచ్చేసింది.

లోపలికి వచ్చేవాళ్ళకు పచ్చ హెల్మెట్టూ, వానకోటూ, సున్నం దుమ్ము పడకుండా ముక్కుకు మాస్కూ ఇస్తాం. అవి తొడిగాక అందరూ ఒక్కలాగే ఉంటారు. బాబాయ్ గుర్తుపట్టలేదు. ఆ వేళకు నేను నమూనా నీళ్ళ కోసం ఒకప్పుడు గనిలోకి దిగిన బావి దగ్గరే ఉన్నాను. బావికి ఇనుప జల్లెడ మూత ఉంటుంది. లోపలి గోడ మీద మట్టం తెలిసేలా అంకెలు వేసి, వాటి మీద దీపం పెట్టారు. జనమంతా బావి చుట్టూ ఉన్న కటకటాల మీదికి వంగి చూస్తున్నారు. ఒక మనిషి మాత్రం వానకోటు కింద ఏదో మూట పొత్తికడుపుకు హత్తుకుని నిలబడింది. కోటు అంచు కింద నీలం గుడ్డ కనిపించింది.

బాబాయ్‌ని పిలుద్దామని నోరు తెరిచాను. అప్పటికే ఆయన అందుకున్నాడు. ఆ పాఠం ఆయన నాలుక మీద పదకొండేళ్ళుగా తిరుగుతోంది, మనసు దాని వెంట ఉండక్కర్లేదు.

"ఆ తెల్లచార చూశారా? అదే నీటిమట్టం. ప్లాంటు పెట్టిన రోజు నుంచీ ఒక్క వేలు కూడా దిగలేదు. అచ్చం నా జీతంలా, పెరగదు, తరగదు!"

అందరూ నవ్వారు. ఆవిడ మాస్కు కిందికి లాగింది.

"ఒక్క వేలు కూడానా, చిన్నోడా?"

బాబాయ్ కటకటాలు పట్టుకున్నాడు. ఆ మొహం నేనింక చూడలేకపోయాను. ఆవిడ గొంతు పెంచలేదు, ఏడవలేదు. వంగి, ఆ తెల్లచారను చాలాసేపు చూసింది. తర్వాత జనంతో పాటు నడిచింది. సున్నం తొట్లూ, తుప్పు నీళ్ళు తేరే చెరువులూ, ఇసుక వడపోతలూ అన్నీ చూసింది. బాబాయ్ అందరికీ వెనకబడిపోతే నేనే ఏదో చెప్పుకుంటూ పోయాను. ఏం చెప్పానో నాకే తెలియదు.

ల్యాబులో అలవాటు కొద్దీ గ్లాసు నింపాను. బాబాయ్ చెయ్యి చాపలేదు. ఆవిడ ముందుకొచ్చి, "ఇవి ఆ నీళ్ళేనా?" అని అడిగింది.

"అవును పెద్దమ్మా. శుద్ధిచేసినవి."

ఈ పదకొండేళ్ళలో ఆవిడ ప్లాంటు నుంచి ఊళ్ళోకి వచ్చే నీళ్ళు నోట పెట్టలేదు, దూరమైనా చేతిపంపుకే వెళ్ళేది. ఆ రోజు గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, గుక్క గుక్కకూ ఆగుతూ, అడుగుదాకా తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టి మరిది వైపు చూసింది.

"ఇంత చల్లగా ఉంటుందా అక్కడ, ఆయనకి?"

బాబాయ్ నేల మీద కూలబడి, ఆవిడ కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. జనం ఏం చెయ్యాలో తెలియక హెల్మెట్లు తీసి చేతుల్లో పట్టుకున్నారు. ఆవిడ ఆయన తల నిమురుతూనే ఉంది.

మర్నాడు బాబాయ్ ఆ నీలం చొక్కా వేసుకుని పనికి వచ్చాడు. "వదిన వేసుకోమంది" అన్నాడు. భుజాల దగ్గర వదులు, మడతల గీతలు ఇంకా పోలేదు. నెల తిరిగింది. ఆవిడ దిగిందా అని అడగలేదు. అడుగుతుందేమోనని తను రాత్రి అన్నం ముందు చాలాసేపు కూర్చున్నానని చెప్పాడు.

గని ఇప్పటికీ ఆయనే చూపిస్తున్నాడు. జీతం జోకు మానేశాడు. ల్యాబు గుమ్మం దాకా వచ్చి ఆగిపోతాడు. గ్లాసు ఇప్పుడు నేను తాగుతున్నాను. ఇన్నేళ్ళూ వాటిలో సున్నమెంత, ఇనుమెంత అని చూశానే గాని, ఎంత చల్లగా ఉంటాయో ఒక్కరోజూ చూడలేదు.