పెట్రోలు పైపు మార్చిన ఎండాకాలం

మా మామగారి అంబాసిడర్ ఎండాకాలంలో తుక్కుగూడ దాటగానే ఆగిపోయేది. ఆగకపోతేనే ఆశ్చర్యం. అప్పట్లో కొత్త విమానాశ్రయంలో నాకు మధ్యాహ్నం డ్యూటీ. ఎండకు బస్సులో పోవద్దని ఆయనే దింపేవారు. బండి రెండుసార్లు దగ్గి, మూలిగి, రోడ్డు పక్కకు చేరేది. ఆయన తాపీగా దిగి, బానెట్ ఎత్తి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పేవారు. "జర సల్లవడనియ్యి బిడ్డా" అని కానుగ చెట్టు కింద కూర్చునేవారు. అంతవరకూ మాకు వేరే పని లేదు.

ఇంట్లో మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండే మనిషి, ఆ చెట్టు కింద మాత్రం మా అత్తగారి గురించి చెప్పేవారు. నా పెళ్లికి ముందే ఆమె పోయారు. ఇంట్లో ఆమె మాటెత్తితే మా ఆయన లేచి బయటికి వెళ్లిపోతారు. గోడ మీది ఫోటో తప్ప నాకేమీ తెలియదు. ఇక్కడ, ఎండలో రోడ్డు నీళ్లలా మెరుస్తుంటే, గుడ్డ మీంచి ఆవిరి లేస్తుంటే, ఆమె రోజుకు కాస్త చొప్పున నా ముందుకు వచ్చేవారు. చింతచిగురు కోస్తూ పిట్టలతో పోట్లాడేవారట. కొత్త చీర కట్టుకుంటే ముందు బర్రెకు చూపించి వచ్చేవారట.

"బర్రెకెందుకండీ?"

"నాకు సూపిస్తే నేనేమంట? ఊకుంట. అది తోకన్న ఊపుతది."

నెత్తిమీదుగా విమానం కడుపు కనబడేంత కిందుగా పోయేది. ఆ మోత తగ్గేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టేవారు. ఆ కాసేపూ కలలో కూర్చున్నట్టే ఉండేది. ఎన్నడూ చూడని మనిషి మీద నేను బెంగ పెట్టుకున్నాను.

మా ఆయనకు ఇవేవీ తెలియవు. నాకు ఆలస్యమవుతోందని ఒక ఆదివారం అందరినీ ఎక్కించుకుని బండిని ఆరాంఘర్‌లో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. మెకానిక్ బండి కింద దూరి చూస్తే, ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపు సైలెన్సర్‌కు ఆనుకుని ఉంది.

"పెట్రోలు పైపులనే ఉడికి ఆవిరైతుందన్నా. ఇన్నేండ్లు ఎట్ల నడిపిండ్రు?"

ఉన్న పెట్రోలు డబ్బాలోకి దింపి, తుప్పుపట్టిన పైపు ఊడదీసి, కొత్త రాగి పైపును సైలెన్సర్‌కు దూరంగా వంచి బిగించాడు. మా ఆయన మురిసిపోతూ, "ఇగ పరేషాన్ లేదు బాపూ" అన్నారు. మామగారు తలూపారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మేలు చేసిన మనిషిని ఏమని తిట్టను?

మర్నాడు బండి తుక్కుగూడ దాటింది, కానుగ చెట్టూ దాటింది. మామగారు ముందుకే చూస్తూ నడిపారు. ఆ వారమంతా అంతే. డ్యూటీకి ముందే చేరిపోయి, గేటు దగ్గర ఉసూరుమంటూ నిలబడేదాన్ని. అత్తగారు మళ్లీ ఫోటోలోకి వెళ్లిపోయారు.

ఒకరోజు ఉండబట్టలేక, చెట్టు కనబడగానే "మామయ్యగారూ, ఆపండి" అన్నాను.

"ఏంది బిడ్డా, ఏమన్న మర్సినవా?"

"లేదండీ. అత్తయ్యగారి గురించి చెప్పండి."

ఆయన బండి ఆపారు. ఇంజను కూడా ఆపేశారు. స్టీరింగు మీద చేతులుంచి చెట్టు వైపు తిరిగారు.

"ఆ పైపు ఖరాబుందని నాకు మస్తు ఏండ్ల కిందనే ఎరుక" అన్నారు. "ఆమె ఉన్నప్పుడే ఎరుక. ఇంట్ల మా బాపు, అమ్మ, అన్నదమ్ములు. గంత మంది ముంగట పెండ్లంతోని మాట్లాడాల్నంటే సిగ్గు. బండి ఆగితేనే మాకు మాట. బాగు చేపిస్తే ఇగ యాడ మాట్లాడుకునేది?"

"మరి మొన్న వద్దనలేదేం?"

"ఏమని చెప్పాలె బిడ్డా? కొడుకు గంత సంబురంగ చేపిస్తుండె."

ఆ పూట డ్యూటీకి బాగా ఆలస్యంగా వెళ్లాను. ఏమైందని అడిగితే, బండి మొరాయించిందని చెప్పాను.